టాంకీ మామ నడుము

డాక్టరు నడవమన్నాడు. సరేనన్నాను. ఎప్పటినుంచి అని మా ఆవిడ అడిగితే, శివరాత్రి దాటనీ అన్నాను. చలికాలమంతా ఆ ఒక్క మాట మీద బతికేశాను. పొద్దున్నే లేవడం, దుప్పటి కప్పుకుని కుర్చీలో కూలబడడం, టీ, పేపరు, మళ్ళీ టీ. ఎవరేమన్నా శివరాత్రి దాటనీ. ఆ మాట నాది కాదు. మస్కట్‌లో మా రూములో ఉన్న టాంకీ మామది. ఇన్నేళ్ళుగా ఆయన్ని అడక్కుండానే వాడుకుంటున్నాను.

శివరాత్రి దాటిన రెండు మూడు రోజులకి, అప్పట్లో అదే రూములో మాతో ఉన్న రాడ్ భాయ్ కడప నుంచి ఫోన్ చేశాడు.

"మామ పోయినాడప్పా" అన్నాడు.

ఏ మామ అని అడగలేదు. నిద్రలోనే పోయాడట. అల్లుడు కబురు చేశాడట. ఆ తరవాత భాయ్ గొంతు తగ్గించి, "కడియం గుర్తుండాదా?" అన్నాడు.

అంతే. నాకు నవ్వు ముంచుకొచ్చింది. అవతల ఆయనకీ అదే పరిస్థితి. చావు కబురు విని కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతున్న మొగుణ్ణి చూసి మా ఆవిడ బిత్తరపోయింది. తప్పు కదా అని మందలించింది. ఆవిడకి కడియం సంగతి చెప్పాలంటే ముందు మామ సంగతి చెప్పాలి. మీకూ అంతే.

డెబ్బైల చివర్లో మాట. మా కంపెనీ క్యాంపు హమ్రియాలో ఉండేది. నేను సైట్లో టైమ్ కీపర్ని. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎప్పుడు పోయారో రాసుకోవడం తప్ప ఒంటికి పని లేదు. రాడ్ భాయ్‌ది ఇనుప రాడ్లు వంచి కట్టే పని. మామది జగిత్యాల దిక్కు. మా అందరికంటే పెద్దవాడు. కాంక్రీటు పనికని వచ్చి, పరంజా మీది నుంచి జారిపడి మోకాలు చెడగొట్టుకున్నాడు. బరువులు మోయలేని మనిషిని ఏం చేయాలో తెలియక కంపెనీ ఆయన్ని పంపు దగ్గర కూర్చోబెట్టింది.

క్యాంపు మొత్తానికి ఒకటే ట్యాంకు. ఎత్తయిన స్టాండు మీద పెద్ద ఇనుప ట్యాంకు. లారీ వచ్చి కింద తొట్లో నీళ్ళు పోసిపోతే, పంపు వేసి పైకి ఎక్కించడం మామ డ్యూటీ. ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, ఉగాది వేళకి ఆ ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న మట్టీ పాచీ గీకి కడగడం కూడా ఆయన డ్యూటీనే. ట్యాంకు పైన మూత తీస్తే గుండ్రటి కంత ఉండేది. మనిషి దిగేంత కంత. ఎంత మనిషి అన్న దగ్గరే తరవాత గొడవ వచ్చింది.

ఆయనకో అలవాటు ఉండేది. దేన్నయినా ముందు వేలి కణుపుతో టకటకా కొట్టి చూసేవాడు. ట్యాంకుని కింది నుంచి పైకి కొట్టుకుంటూ పోయి, మోత మారిన చోట ఆగి, "సగమున్నయ్" అనేవాడు. అదే వేలితో గ్యాసు బండనీ, నూనె డబ్బానీ, తలుపునీ కొట్టేవాడు. కొత్తగా వచ్చిన కూలీల తలని కూడా కొట్టి, చెవి ఆనించి విని, "వీడు ఖాళీ" అనేవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా తల కొట్టి చాలాసేపు ఆలోచించాడు. ఫలితం మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ అదొక వెలితి నాకు.

రెండోది పాట. బయట పాడితే ఆయన గొంతు ఎవరూ వినలేరు. గంజి వార్చిన గిన్నె గీకినట్టు ఉండేది. కానీ ట్యాంకులోకి దిగి పాడితే ఆ ఇనుము ఏం చేసేదో గానీ, క్యాంపంతా గిన్నెలు తోమడం ఆపి వినేది. తమకు అర్థం కాని భాషైనా పంజాబీలు వచ్చి స్టాండు కింద కూర్చునేవారు. ఊళ్ళో నాట్ల పాటలూ, బతుకమ్మ పాటలూ, తనే కట్టిన తిట్ల పాటలూ కలిపి పాడేవాడు. ట్యాంకు కడిగే రోజంటే మాకు పండగే. ఏడాదిలో ఆ ఒక్కరోజు ఆయన గొప్ప గాయకుడు.

ఇక చలికాలం. మస్కట్‌లో చలికాలమంటే ప్రాణానికి హాయి. ఎనిమిది నెలలు పెనం మీద ఉన్నవాళ్ళం అప్పుడే కాస్త మనుషుల్లా తిరుగుతాం. సాయంత్రాలు అందరూ వాలీబాల్ ఆడేవారు. మత్రా దాకా నడిచిపోయి సముద్రం చూసొచ్చేవారు. మామ మాత్రం కార్తీకం రాగానే మంకీ టోపీ పెట్టి, కంబళి కప్పుకుని, పంపు పక్క కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచేవాడు కాదు. మెస్సు పక్కనే కాబట్టి వంటవాళ్ళు వేడి వేడి ఖుబ్జ్ రొట్టెలు చేతికే అందించేవారు. వాటిని తియ్యటి టీలో ముంచుకుని తింటూ ఉండేవాడు.

"మామా, కాస్త అట్లా తిరిగొద్దాం లే" అంటే,

"పాగల్ గానివారా? గీ చలిల ఎవడన్న బయిటికెళ్తడా? శివరాత్రి దాటనీ" అనేవాడు.

"ఇది జగిత్యాల కాదు మామా. ఇక్కడ చలెక్కడుంది?"

"చలి నెలను బట్టి ఉంటది బిడ్డా. జాగను బట్టి కాదు."

ఆ సంవత్సరం శివరాత్రి దాటేసరికి మామ కుర్చీలోంచి లేచాడు. కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. ఇద్దరం పట్టుకుని ఊడదీశాం.

అది క్యాంపు బాసు కంటపడింది. ఆయనది కేరళ. మంచివాడే గానీ కంపెనీ మనిషి. మామ చుట్టూ ఒకసారి తిరిగి, ట్యాంకు వంక చూసి, మళ్ళీ మామ వంక చూసి, "పేట్ దేఖో అప్నా! ఇస్ సాల్ దూస్రా ఆద్మీ ఉతరేగా" అన్నాడు. నీ పొట్ట చూసుకో, ఈసారి ట్యాంకులో ఇంకొకడు దిగుతాడు అని. కొత్త బ్యాచ్‌లో వచ్చిన బక్కపలచటి మనిషిని చూపించాడు కూడా. పాములా ఉన్నాడు. ట్యాంకులోకే కాదు, పంపు గొట్టంలోకైనా దిగేలా ఉన్నాడు.

ట్యాంకులో దిగేవాడే పంపు చూసుకుంటాడు. అప్పుడు కుర్చీ వాడిది. మామకి మళ్ళీ కాంక్రీటు పని. ఆ మోకాలితో రెండు రోజులు చేయలేడు. చేయకపోతే ఖల్లాస్, ఇంటికి టికెట్టు. ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

సాయంత్రం రూములో మామ చొక్కా ఎత్తి తన పొట్టని వేలి కణుపుతో కొట్టుకున్నాడు. పక్కటెముకల దగ్గర మొదలుపెట్టి కింది దాకా వచ్చాడు. ఎక్కడా మోత మారలేదు.

"ఫుల్లున్నది రా" అన్నాడు దిగులుగా. "ఇంటికి పోతె ఏం జెయ్యాలె చెప్పున్రి? మా ఇంట్ల ఆడోళ్ళంత బీడీలు చుడ్తరు. నేను పోంగనే నా ఒళ్ళె గూడ చాట పెడ్తరు. ఈ చేతులకు బీడీ చుట్టుడొస్తదారా?"

ఆ చేతులు చూశాను. ఒక్కో వేలు ఒక్కో బీడీ కట్టంత ఉంది. నవ్వొచ్చింది. అయినా ఆయన లేని రూముని ఊహించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

రాడ్ భాయ్‌కి మాటలు తక్కువ, పని ఎక్కువ. శుక్రవారం పొద్దున టేపు పట్టుకుని ట్యాంకెక్కి కంత కొలిచాడు. మర్నాడు సైట్లో మిగిలిన ముక్కల్లోంచి బొటనవేలంత లావు రాడ్ తీసి, గుండ్రంగా వంచి, చివరలు కలిపి కట్టి, గోనెసంచిలో చుట్టి రూముకి తెచ్చాడు.

"ఇదిగో మామా, నీ కంత. ఇంట్లోనే పెట్టుకో. దీంట్లో దూరితే దాంట్లోనూ దూరతావు."

"ఇంత లావు రాడెందుకు భాయ్?" అన్నాను.

"సన్నదైతే ఈయప్ప పొట్టకి కడియమే వంగిపోతాది."

మామ చేతులు పైకెత్తాడు. తల మీది నుంచి కడియం వేశాం. భుజాలు దాటింది, చంకలు దాటింది, పొట్ట మీద కూర్చుంది. దేవుడికి వేసిన దండలా అక్కడే ఉండిపోయింది. ఆ రోజు నుంచి అది మా రూములో మేకుకి వేలాడేది. పక్క రూములవాళ్ళు వచ్చి సర్కస్‌లోలా అందులోంచి దూరి చూపించి, మామకి ధైర్యం చెప్పి పోయేవారు.

మర్నాడు తెల్లవారుజామునే మామ పరుగుకి బయలుదేరాడు. ఒంటరిగా కాదు. "నేనొక్కణ్ణే ఉరికితె పిచ్చోడంటరు. ముగ్గురం ఉరికితె ఏదో పనుందనుకుంటరు" అని మమ్మల్నీ లాగాడు. ముందు తువ్వాలు తలపాగా చుట్టి, లుంగీ ఎగ్గట్టి, హవాయి చెప్పులతో మామ. వెనక ఆవలిస్తూ మేం. చలి పోయిందని ఆయన లెక్క. ఆ దేశం లెక్కలో అప్పుడే ఎండాకాలం మొదలు. చలికాలమంతా ఆడిన వాలీబాల్ వాళ్ళు నెట్టు విప్పి నీడకి చేరుతుంటే మేం ఎండలోకి పరుగు తీశాం.

అప్పట్లో ఆ దేశంలో మనిషి ఊరికే పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు. గడ్డి వేసుకుని పికప్ నడుపుతూ పోతున్న ఒక ఒమానీ ముసలాయన మామని చూసి బ్రేకు వేశాడు. పాపం, ఈ పెద్దమనిషికి ఏదో ఆపద వచ్చిందనుకున్నాడు. ఎక్కడికని చేత్తో అడిగాడు. ఎక్కడికీ పోని మామ ముందుకి చూపించాడు. ముసలాయన తలుపు తీసి కూర్చోబెట్టుకున్నాడు. మేం గడ్డి మీద ఎక్కాం. ముందుకి ఎంత పోయినా మామ దిగకపోయేసరికి, తన తోటకే తీసుకుపోయాడు. చాప పరిచి ఖర్జూరాలు పెట్టాడు. చిన్న గిన్నెల్లో కాఫీ పోశాడు. మామ తాగాడు. మళ్ళీ పోశాడు. మళ్ళీ తాగాడు. కాఫీకోసారి ఖర్జూరం. ముసలాయన పోస్తూనే ఉన్నాడు, మామ తాగుతూనే ఉన్నాడు. ఇద్దరి ముఖాలూ చెమటలు పట్టాయి. చివరికి కూజా ఖాళీ అయింది.

మర్నాడు ఆయన మాకోసం రోడ్డు పక్కన ఆగి ఉన్నాడు. ఆ మర్నాడూ అంతే. మామ దారి మార్చినా వెతికి పట్టుకున్నాడు.

"వద్దను మామా!" అన్నాను.

"ఇంటికొచ్చినోనికి పోస్తున్నడు. పోసినంక ఎట్ల వద్దంటం? ఆయినె మనసు నొస్తది."

వారం తిరిగేసరికి కడియం భుజాలు దాటడానికే మొరాయించింది. అప్పుడు రాడ్ భాయ్‌కి అనుమానం వచ్చి, "గిన్నె ఊపినావా మామా?" అని అడిగాడు. చాలని చెప్పాలంటే ఖాళీ గిన్నెని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపాలట. ఊపేదాకా పోయడం ఇంటివాడి ధర్మమట. తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "నాకు గూడా ఖర్జూరాలు బాగుండె" అన్నాడు. మామ ఆయన తల మీద వేలి కణుపుతో కొట్టి, "ఖాళీ, పూరా ఖాళీ" అన్నాడు.

అప్పటినుంచి వ్యాయామం క్యాంపు గోడల మధ్యే. ట్యాంకు నిచ్చెన మెల్లగా ఎక్కడం, మెల్లగా దిగడం. స్టాండు కాళ్ళ చుట్టూ ప్రదక్షిణాలు. కుర్చీ ఎత్తి దించడం. ఖుబ్జ్ వైపు చూడకుండా మెస్సు ముందు నుంచి నడవడం. అన్నిటికంటే ఇదే ఆయనకి కష్టమైంది. చెమట ధారలు కట్టేది. మోకాలు వాచేది. రాత్రి మూలిగేవాడు గానీ తెల్లారితే మళ్ళీ లుంగీ ఎగ్గట్టేవాడు. నిజంగా తగ్గాడు. చొక్కా వదులైంది. కుర్చీ ఆయన్ని వదిలిపెట్టింది. కడియం మాత్రం కనికరించలేదు.

ఉగాది ఇక వచ్చేస్తుందనగా ఒక శుక్రవారం మధ్యాహ్నం మామ మొండికేశాడు. "ఇయ్యాల అటో ఇటో" అన్నాడు. ఒంటికి కొబ్బరినూనె రాసి, ఊపిరి బిగబట్టమని, మేమిద్దరం కడియం పట్టుకుని కిందికి లాగాం. సగం పొట్ట దాటి ఆగిపోయింది. కిందికి రాదు. పైకి లాగితే మామ కేక పెడుతున్నాడు.

సరిగ్గా అప్పుడే బాసు రూములు చూడడానికి వచ్చాడు. సైటు రాడ్ రూములో ఎందుకుందంటే ఏం చెబుతాం? గబుక్కున మామని మంచం మీద కూలేసి కంబళి కప్పేశాం. బయట పెనం మీద నీళ్ళు పోసినట్టు ఎండ. లోపల కంబళిలో మామ.

"ఇత్నీ గర్మీ మే కంబల్?" అన్నాడు బాసు.

"బుఖార్ సాబ్" అన్నాడు మామ. ముఖం మీది చెమటా, మెరుస్తున్న నూనే చూస్తే నిజంగానే జ్వరమనిపించేలా ఉంది. బాసుకి జాలి వేసింది. మంచం మీద పక్కనే కూర్చుని, ధైర్యం చెబుతూ చేతిలో ఉన్న తాళాల గుత్తితో కంబళి మీద తట్టాడు. ఖంగుమంది. బాసు ఆగాడు. మళ్ళీ తట్టాడు. మళ్ళీ ఖంగుమంది. మామ ఊపిరితిత్తులు ఊడిపోయేలా దగ్గడం మొదలుపెట్టాడు. మేమూ దగ్గాం. బాసు భయపడి, ఇదేదో అంటుకునే జబ్బని లేచి వెళ్ళిపోయాడు. మందు బిళ్ళలు పంపించాడు.

మామ కంబళి తీసి కూర్చున్నాడు. నడుముకి కడియం. మాకు నవ్వు. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు.

"ఐపాయె రా. చాటనే నాకు రాసిపెట్టున్నది" అని కళ్ళు తుడుచుకున్నాడు. దిగులు పోవడానికి ఏదో పాట అందుకున్నాడు. నాట్ల పాట, చివర్లో గొంతు సాగదీసే పాట. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, ఊపిరి అయిపోయేదాకా సాగదీశాడు. ఆ ఊపిరి అయిపోయిన చోట పొట్ట లోపలికి పోయింది. కడియం జారి కాళ్ళ చుట్టూ పడింది.

ముగ్గురం దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఊపిరి బిగబట్టడం కాదు, వదలాలన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. తరవాత రోజూ అదే సాధన. నూనె, పాట, కడియం. అయినా భయమే. రూములో అయితే మేం పట్టుకుంటాం. అక్కడ కంతలో సగం దిగాక పాట అయిపోతే?

ట్యాంకు కడిగే రోజు క్యాంపంతా కింద చేరింది. బాసు వచ్చాడు. పక్కన ఆ బక్కపలచటి మనిషి, చీపురు పట్టుకుని సిద్ధంగా. మామ నూనెతో నిగనిగలాడుతూ నిచ్చెనెక్కాడు. మేమిద్దరం వెనకే ఎక్కాం. మూత తీశాం. కంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేశాడు. నా తల మీద ఒకసారి టకటకా కొట్టాడు. సాధన చేసినట్టే రెండు చేతులూ పైకెత్తి, కళ్ళు మూసుకుని పాట అందుకుని, ముందుకి జరిగాడు.

పాట మొదటి అక్షరం దగ్గరే మాయమైపోయాడు.

రాయి బావిలో పడ్డట్టు దబ్బుమని చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు. బాసు కింద నుంచి అరుస్తున్నాడు. భాయ్ కంతలోకి వంగి "మామా! మామా!" అంటున్నాడు. ఆయన మోకాలు, ఆయన తల, ఆయన ఇల్లు, అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందుకొచ్చాయి.

లోపలి నుంచి ఇనుము మీద వేలి కణుపు చప్పుడు వినిపించింది. టక్, టక్.

"అరే రాడ్ భాయ్!" ట్యాంకంతా మోగింది. "ఎవని నడుముకు జేసినవ్ రా ఆ కడియం? గీ కంతల నేను, నువ్వు, బాసు ముగ్గురం వడ్తం గద రా!"

భాయ్ కంత వంక చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"మా రాడ్ పన్లో కొలత ఎప్పుడూ బయట నుంచే గదప్పా" అన్నాడు మెల్లగా.

కంత ఎంతుందో కడియం బయటి కొలత అంత పెట్టాడు. లోపల రెండు వైపులా రాడ్ లావు పోయింది. మామ ఆ లావుకి కూడా తగ్గాడు. అంత ఎండలో, ఆ మోకాలితో, ఎవరూ అడగని నడుము కోసం.

కింద బాసుకి విషయం తెలిసి నిచ్చెన మొదట్లో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. చీపురు మామకి అందించమని, బక్కపలచటి మనిషిని సైటుకి పొమ్మన్నాడు. కంబళి కింద ఖంగుమన్నదేమిటో కూడా ఆయనకి అప్పుడే అర్థమైంది. పాపం, ఏమీ అనలేదు. లోపల మామ తిట్టడం ఆపి పాట ఎత్తుకున్నాడు. అన్ని పాటల్లోనూ రాడ్ భాయ్‌నే పెట్టి పాడాడు. మట్టి గీకడం ఎప్పుడో అయిపోయింది గానీ ఆయన పైకి రాలేదు. క్యాంపులో చల్లగా ఉండేది ఆ లోపలొక్కటేనట. కుర్చీ పంపు దగ్గరే ఖాళీగా, ఆయన కోసం ఉంది.

ఊరికి పోయేటప్పుడు ఆ కడియాన్ని ట్రంకు పెట్టెలో పెట్టుకుపోయాడు. జగిత్యాలలో ఆయన ఇంటి వాకిట్లో నీళ్ళ కుండ కింద ఇప్పటికీ అదే ఉందని అల్లుడు భాయ్‌తో చెప్పాడట.

ఫోన్ పెట్టేశాక నేను లేచాను. శివరాత్రి దాటింది. ఇంక ఏ సాకూ లేదు. చలికాలం మొదలయ్యాక ఎక్కని మేడ మెట్లు, రెండు చోట్ల ఆగి రొప్పుతూ ఎక్కాను. పైన మా నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. వేలి కణుపుతో కింది నుంచి పైకి కొట్టుకుంటూ వచ్చాను. మోత మారిన చోట ఆగాను. సగమున్నాయి. మూత తీసి తల లోపల పెట్టి, ఆ నాట్ల పాట చివరి సాగదీత అందుకున్నాను. నా ఊపిరి తొందరగానే అయిపోయింది. కానీ లోపల ఇంకా ఎవరో సాగదీస్తున్నట్టే ఉంది. నేను తల తీయలేకపోయాను.

మా ఆవిడ కింది నుంచి కేకేసింది.

"ట్యాంకులో ఎవరండీ?"

"టాంకీ మామ" అన్నాను. "పైకి రానంటున్నాడు. లోపల చల్లగా ఉందట."